లజ్ చర్చ్ రోడ్డు కూళు బండి: ఏడున్నర దాటితే దొరకదు

మైలాపూరులో నాగేశ్వరరావు పార్కు బయట, లజ్ చర్చ్ రోడ్డు మీద, పొద్దున పూట ఒక తోపుడు బండి నిలబడుతుంది. దానికి పేరు లేదు. మూత పెట్టిన రెండు స్టీలు బిందెలు, ఒక పెద్ద మట్టి కుండ, ఆకుపచ్చ రసాలు నింపిన జగ్గులు, నంజుకోవడానికి డబ్బాల్లో నాలుగైదు రకాలు. ఆరుకల్లా వస్తుంది. ఏడున్నరకి కూళు, అంటే సజ్జలు, రాగులు పులియబెట్టి చేసే తమిళ అంబలి, అయిపోతుంది. ఎనిమిదికి బండి తోసుకుని వెళ్ళిపోతారు. తొమ్మిది నెలలుగా నేను వారానికి ఐదారు రోజులు అక్కడ తాగుతున్నాను. ఇన్నాళ్ళు తాగాక రాస్తున్నాను కాబట్టి నచ్చిందీ చెబుతాను, నచ్చనిదీ చెబుతాను.

నాకు 49 ఏళ్ళు. మాది గూడూరు. పెళ్ళయి మద్రాసు వచ్చి 24 ఏళ్ళయింది. ఆళ్వారుపేటలో ఉంటాం. మౌంట్ రోడ్డులో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఇంట్లో మా ఆయన, అత్తయ్య, నేను. అబ్బాయి కోయంబత్తూరులో చదువుతున్నాడు. జనవరిలో ఆఫీసు తరఫున చేసిన రక్త పరీక్షలో నాకు హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. గత రెండు మూడు నెలల్లో రక్తంలో షుగరు సగటున ఎంత ఉందో చెప్పే అంకె అది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగరుకు ముందు మెట్టు, 6.5 నుంచి షుగరే. మా నాన్నకు షుగరు వల్ల కాలి వేలు తీసేశారు. ఆ కాగితం చేతిలోకి తీసుకోగానే నాకు గుర్తొచ్చింది ఆ వేలే.

అప్పటి నా పొద్దు ఎలా ఉండేదో చెబుతాను. ఆరూ నలభైకి ఫోన్ అలారం. మంచం మీదే పావుగంట ఫోన్ చూడటం. లేచి రెండు చెంచాల చక్కెరతో టీ. ఆ టీ తాగుతూనే ఒక పొయ్యి మీద సాంబారు, ఇంకో పొయ్యి మీద ఇడ్లీ. అత్తయ్యకు ముందుగా, ఆయనకు తర్వాత. నాకు తినే టైము ఉండదు. ఆఫీసుకి వెళ్ళాక పదిన్నరకు కాంటీన్లో వడ, ఇంకో టీ. పన్నెండుకి మళ్ళీ టీ. మూడు టీలకు ఆరు చెంచాల చక్కెర. ఒక్కో చెంచా నాలుగు గ్రాములు అనుకున్నా 24 గ్రాములు. పైన కలుపుకునే చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట. మధ్యాహ్నం భోజనానికి ముందే నా లెక్క నిండిపోయేది.

పరీక్ష తర్వాత మూడు వారాలు నేను చేయని ప్రయత్నం లేదు. ఓట్స్ కొన్నాను, రెండు పూటలు తినేసరికి మొహం మొత్తింది. మా వీధిలో జిమ్‌కి వెళ్ళి ఫీజు కనుక్కుని వచ్చాను. ఐదున్నరకు అలారం పెట్టుకున్నాను, మోగితే ఆపేసి పడుకున్నాను. లేచి ఏం చేయాలి అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. నడవాలి, నిజమే. కానీ చీకట్లో, ఒక్కదాన్ని, ఎటు వెళ్ళాలి, ఎందుకు వెళ్ళాలి? ఒళ్ళు ఒప్పుకోవడానికి అంతకన్నా దగ్గరి కారణం ఏదో కావాలి.

ఆ కారణం ఒక ఆదివారం దొరికింది. కపాలీశ్వరుడి గుడికి వెళ్ళి తిరిగి వస్తుంటే పార్కు బయట ఈ బండి కనిపించింది. మట్టి కుండలోంచి సజ్జ కూళు తోడి చెంబులో పోస్తున్నారు. ఆ పులిసిన వాసన ముక్కుకి తగలగానే మా అమ్మమ్మ వంటిల్లు గుర్తొచ్చింది. ఒక చెంబు అడిగాను. "అయిపాయెనమ్మా, ఇది ఈయన్ది. రేపు ఏడు లోపల రాండి" అందా మనిషి తెలుగులో. నేను తమిళంలో అడిగాను, ఆమె తెలుగులో జవాబిచ్చింది. మా ఆయనతో నేను మాట్లాడటం విందట.

మర్నాడు ఆరుంబావుకే అక్కడ ఉన్నాను. అలారం మోగకముందే మెలకువ వచ్చింది.

ఇక కూళు సంగతి. తెలుగువాళ్ళు అంబలి అనుకుంటే సగం సరిపోతుంది. మనం అంబలిని జావలా పలచగా కాచి తాగుతాం. ఇది వేరు. సజ్జల్ని రవ్వలా విసిరి, నీళ్ళలో కలిపి రాత్రంతా పులియబెడతారు. మర్నాడు బియ్యపు నూకతో కలిపి సంకటిలా ఉడికించి, ముద్దలు చేసి నీళ్ళలో వేసి ఇంకో రాత్రి ఉంచుతారు. పొద్దున ఆ ముద్దల్ని చేత్తో పిసికి, మజ్జిగ, ఉప్పు వేసి, చిన్న ఉల్లిపాయలు తరిగి కలుపుతారు. అంటే ఇవాళ నా చెంబులోకి వచ్చిన కూళు మొన్న సాయంత్రం మొదలైన పని. పలచగా ఉన్నా మధ్యమధ్యలో పలుకు తగులుతుంది, అందుకని తాగడంతో పాటు కొంచెం నమలాలి కూడా. తమిళంలో కంబు అంటే సజ్జ, కేళ్వరగు అంటే రాగి. రెండు రకాలూ ఉంటాయి. రాగి కూళు నున్నగా ఉంటుంది, కాస్త తీపి. నాకు సజ్జదే ఇష్టం. ఎముకల కోసం తాగేవాళ్ళకు రాగిది మంచిది, 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది.

చెంబు ముప్పై రూపాయలు. నంజుడు దానిలోనే. వేయించిన ఊరమిరపకాయ ఒకటి, గోరుచిక్కుడు వరుగులు కొన్ని, పచ్చి మామిడి ముక్క, ఉంటే మునగాకు వేపుడు. నేను మునగాకు ఎక్కువ వేయించుకుని ఊరమిరప ఒకటితో ఆపుతాను. అందులో ఉప్పు చాలా ఉంటుంది, కూళులోనూ ఉప్పు ఉంటుంది. బీపీ ఉన్నవాళ్ళు "ఉప్పు తక్కువ" అని ముందే చెప్పాలి. కుండలో కలిపేశాక చేయగలిగింది ఏమీ లేదు, అందుకే ఆరుంబావుకు ముందు చెబితే విడిగా కలుపుతుంది.

రుచి రోజూ ఒకేలా ఉండదు. ఫిబ్రవరిలో పులుపు మెత్తగా ఉండేది. మే నెల కత్తిరి ఎండల్లో రాత్రి కూడా చల్లబడదు కదా, అప్పుడు బాగా పులిసిపోయేది, ఒకటి రెండు రోజులు నేను సగం వదిలేశాను. వాన రోజుల్లో పులుపు చాలక చప్పగా ఉంటుంది. దీన్ని లోపం అని రాయలేను. ప్యాకెట్లో వచ్చే వస్తువు కాదు ఇది.

పనికొచ్చే మాట ఒకటి. బండి ఆరుకి వచ్చినా కూళు కలిపి సిద్ధం చేసేసరికి ఆరున్నర అవుతుంది. మొదటి వారం నేను ఆ అరగంట గట్టు మీద కూర్చుని ఎదురు చూసేదాన్ని. రెండో వారంలో ఊరికే కూర్చోవడం ఎందుకని పార్కులోకి వెళ్ళాను. ఒక చుట్టుకి నాకు ఏడు నిమిషాలు పడుతుంది. నాలుగు చుట్లు తిరిగి బయటికి వచ్చేసరికి కూళు తయారు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలని డాక్టరు రాసిచ్చారు. ఆరు రోజులకు నాకు 168 అవుతోంది. నడవాలని బయల్దేరిన రోజుల్లో నేను నడవలేదు. చెంబు కూళు కోసం బయల్దేరాక నడక దానంతట అదే వచ్చి చేరింది.

ఫిబ్రవరి మొదట్లో ఆరింటికి ఇంకా చీకటిగానే ఉండేది. మద్రాసులో జనవరి చివర్లో సూర్యోదయం ఆరూ ముప్పై అయిదు ప్రాంతంలో. మే చివరికి అదే ఐదూ నలభైకి వచ్చేస్తుంది. నేను రోజూ ఒకే టైముకి వెళ్తుంటే వెలుగు నాకు ఎదురు వచ్చినట్టు ఉండేది. ఒక వారం వీధి దీపాల కింద, తర్వాత వారం బూడిద రంగు ఆకాశం కింద, ఆ తర్వాత చెట్ల సందుల్లోంచి నేరుగా మొహం మీద ఎండ. పొద్దుటి వెలుగు కంట్లో పడితే రాత్రి నిద్ర టైముకి వస్తుందని చదివాను కానీ, నాకు అది తెలిసింది రాత్రి పదికే కళ్ళు మూతలు పడటం మొదలయ్యాకే. ఫోన్ ఇప్పుడు హాల్లో చార్జింగులో ఉంటుంది.

ఈ పార్కు గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఇది మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరున ఉన్న పార్కు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టి, 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చి, 1914లో దాన్ని మద్రాసులో దినపత్రిక చేసిన మనిషి. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక చేసుకున్నదీ ఇక్కడే మైలాపూరులో ఆయన ఇంట్లోనే. 24 ఏళ్ళుగా ఈ పార్కు ముందు నుంచి బస్సులో వెళ్ళిన నేను బోర్డు మీద పేరు చదివి, ఆయన ఎవరో కనుక్కున్నది ఈ ఏడాదే. అత్తయ్యకు చెబితే, "అమృతాంజనం పంతులు గారు కదటే, మా నాన్న ఆయన పత్రికే చదివేవాడు" అంది.

బండి అక్కది తిరుత్తణి దగ్గర పల్లె. 1960 వరకు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. వాళ్ళింట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు, చదవడం రాయడం మాత్రం ఎవరికీ రాదు. నన్ను "అమ్మా" అంటుంది, నేను "అక్కా" అంటాను. వయసు అరవైకి దగ్గర ఉండొచ్చు. రెండు రోజులు వరసగా వెళ్ళకపోతే మూడో రోజు కుండ మూత తీయకుండానే "ఏమ్మా, ఒళ్ళు బాగలేదా? ఇంట్లో పెద్దామె బాగుండారా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న ఎదురవుతుందని తెలుసు కాబట్టి బద్ధకించిన పొద్దులు కొన్ని లేచి వెళ్ళినవి ఉన్నాయి. ముప్పై రూపాయల్లో ఇది కూడా వస్తుందని నేను అనుకోలేదు.

ఇప్పుడు రసాల సంగతి, ఇక్కడ నాకు అభ్యంతరాలున్నాయి.

బండి ముందు తమిళంలో ఒక బోర్డు ఉంటుంది. గరిక రసం తాగితే షుగరు తగ్గుతుందని, అరటి దూట రసంతో కిడ్నీ రాళ్ళు కరుగుతాయని, ఉసిరి రసానికి ఒకటి, సొరకాయ రసానికి ఒకటి, ప్రతి దానికీ ఒక జబ్బు రాసి ఉంటుంది. చెన్నైలో పార్కుల ముందు, బీచి దగ్గర ఇలాంటి బండ్లన్నిటికీ దాదాపు ఇదే బోర్డు. నేను మొదటి నెల గరిక రసం రోజూ తాగాను, గ్లాసు పాతిక రూపాయలు. చల్లగా, పచ్చగా, నోటికి హాయిగా ఉంటుంది. నా షుగరు రీడింగులో దాని వల్ల మార్పేమీ నాకు కనపడలేదు. దూట రసం మా ఆయన తాగారు, ఆయనకు రెండేళ్ళ కిందట రాయి వచ్చింది. ఆయన డాక్టరు చెప్పింది ఒక్కటే: రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేన్ని నీళ్ళు తాగాలి. పైగా రసాలన్నీ వడగట్టి ఇస్తారు, దూటలో ఉన్న పీచంతా ఆ గుడ్డలోనే ఉండిపోతుంది. దూట కూర వండుకుంటే ఆ పీచు మనకే దక్కుతుంది కదా.

సొరకాయ రసం విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడండి. చేదుగా ఉంటే ఆ గ్లాసు పారబోయండి, డబ్బు పోయినా సరే. చేదు సొరకాయలో ఉండే విషపదార్థం వల్ల రక్తపు వాంతులు అయినవాళ్ళు, ప్రాణం పోయినవాళ్ళు కూడా మన దేశంలో ఉన్నారు. చేదు రసం తాగవద్దని భారత వైద్య పరిశోధన మండలి నియమించిన కమిటీ కూడా హెచ్చరించింది. ఈ మాట అక్కకు చెప్పాను. "నేను నరికేటప్పుడు ప్రతి కాయా కొరికి చూస్తానమ్మా" అంది. నిజమే, ఒకరోజు నా కళ్ళ ముందే కొరికి ఒక కాయ పక్కన పెట్టేసింది. కలబంద గుజ్జును కూడా పసుపు జిగురంతా పోయేదాకా ఆరేడు నీళ్ళు కడుగుతుంది, ఆ జిగురు కడుపులోకి పోతే విరేచనాలు పట్టుకుంటాయి. అయినా ఆ రెండూ నేను తాగను. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ మాత్రలు వేసుకునేవాళ్ళు ఆకు రసాలు మొదలుపెట్టే ముందు డాక్టరును అడగండి. మా బావగారు ఆ మాత్రల మీద ఉన్నారు. ఆకుకూరల్లో విటమిన్ కె ఎక్కువ, తినేది ఒక్కసారిగా పెరిగితే ఆ మందు పని తగ్గుతుందని ఆయనకు ఆసుపత్రిలో చెప్పారు.

బోర్డు తీసేయమని అక్కను రెండుసార్లు అడిగాను. "బోర్డు రాసే అబ్బాయే అందరికీ అట్లే రాసేస్తాడమ్మా. తీసేస్తే పక్క బండికి పోతారు" అంది. ఆమె బతుకు తెరువు నాకు అర్థమవుతుంది. కానీ ఆ బోర్డు చూసి మందులు మానేసేవాళ్ళు ఉంటారని నాకు భయం. నడిచే పెద్దాయన ఒకరు షుగరు మాత్ర మానేసి గరిక రసం తాగుతున్నానని నాతోనే చెప్పారు. మర్నాడు నా మీటరు తీసుకెళ్ళి ఆయన వేలికి పెట్టి చూపించాను, 243 ఉంది. ఆ సాయంత్రమే ఆయన డాక్టరు దగ్గరికి వెళ్ళారు. బోర్డు ఇంకా అక్కడే ఉంది. నేను ఒక స్టారు తగ్గిస్తున్నది దానికే.

సూపుల్లో ముడక్కత్తాన్ సూపు నాకు నచ్చింది. మన బుడ్డకాకర తీగ ఆకు. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి వేస్తారు. చలికాలం పొద్దున గొంతులోకి దిగుతుంటే ప్రాణం లేచి వస్తుంది. మోకాళ్ళ నొప్పులకు మంచిదని ఇక్కడివాళ్ళ నమ్మకం, నేను మాత్రం రుచికే తాగుతాను. శొంఠి, ధనియాలతో చేసే సుక్కు మల్లి కాఫీ కూడా ఉంది, పదిహేను రూపాయలు. అందులో కాఫీపొడి ఉండదు, తాటిబెల్లం మాత్రం బాగానే ఉంటుంది. తాటిబెల్లమూ తీపే. షుగరు ఉన్నవాళ్ళకు అది చక్కెర కాదని చెప్పి ఇవ్వకూడదు.

కూళు కూడా మందేమీ కాదు, అదీ పిండి పదార్థమే. అందుకే మీటరుతో చూసుకున్నాను. నాలుగు ఇడ్లీలు, చక్కెర టీ తీసుకున్న రోజు రెండు గంటల తర్వాత 168. ఒక చెంబు కూళు తాగి ఇంటికి పావుగంట నడిచి వచ్చిన రోజు 131. వాన పడి మా ఆయన బండి మీద తెచ్చిన కూళు ఇంట్లో కూర్చుని తాగిన రోజు 149. మూడో అంకె చూశాక నాకు అర్థమైంది, ఇందులో కూళు వాటా కొంత, తాగాక నడిచిన నడక వాటా కొంత. ఇవి నా ఒంటి లెక్కలు. ఎవరిది వాళ్ళు చూసుకోవాలి. రెండు చెంబులు తాగితే ఏమవుతుందో కూడా ఒకసారి చూశాను, 160 దాటింది. అందుకని ఒక్కటే.

శుభ్రం గురించి అందరూ అడుగుతారు. కూళు, మజ్జిగ నీళ్ళు క్యాన్ నీళ్ళే, నేను చూశాను. చేత్తో పిసికేటప్పుడు గ్లవుజు వేసుకుంటుంది, వేసుకోని రోజులూ ఉన్నాయి. చెంబులు మాత్రం రెండు బకెట్ల నీళ్ళలో ముంచి తీస్తారు, ఏడు దాటాక ఆ నీళ్ళు చూడబుద్ధి కాదు. నేను నా స్టీలు గ్లాసు, చెంచా సంచిలో పట్టుకెళ్తాను. నన్ను చూసి ఇప్పుడు ఏడెనిమిది మంది తెచ్చుకుంటున్నారు. అలా తెచ్చుకుంటే అక్కకూ కడిగే పని తప్పుతుంది, ఇంకో గరిటె ఎక్కువే పోస్తుంది. ఐస్ వేయదు. ఎండాకాలంలో ఊళ్ళో ఇంకో చోట ఐస్ ముక్కలు వేసిన కూళు తాగి రెండు రోజులు మంచం పట్టాను, అప్పటినుంచి ఐస్ కనిపించిన బండి దగ్గర ఆగను.

వెళ్ళాలనుకునేవాళ్ళు కారు తీసుకెళ్ళకండి. మెట్రో పనుల వల్ల లజ్ దగ్గర దారులు మళ్ళించారు, కారు ఆపుకోవడానికి చోటు ఉండదు. తిరుమయిలై లోకల్ రైలు స్టేషన్లో దిగి నడవచ్చు. ఫోన్‌తో డబ్బు కట్టడానికి స్టిక్కరు ఉంది, చిల్లర ఇస్తే ఆమెకు సంతోషం. ఆదివారం రద్దీ, ఏడుకే కుండ ఖాళీ. అమావాస్య నాడు బండి రాదు. ఆడి మాసంలో (జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు) వాళ్ళ ఊళ్ళో అమ్మవారికి కూళు పోయడానికి వారం రోజులు వెళ్ళిపోతుంది.

ఇదంతా నేను ఒక్కదాన్నే చేయగలిగానని రాస్తే అబద్ధం అవుతుంది. ఐదున్నరకు నేను బయటికి వెళ్తే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించాలి? మొదటి రెండు వారాలు నేను పరుగెత్తుకుంటూ ఏడుకి ఇంటికి చేరి, అదే పని అదే హడావిడితో చేసేదాన్ని. నడకతో వచ్చిన ప్రశాంతత అంతా గేటు దగ్గరే పోయేది. ఒక రాత్రి మా ఆయనతో కూర్చుని చెప్పాను, నాకు పొద్దున గంటన్నర కావాలి, ఆ గంటన్నర పని మీరు తీసుకోవాలి అని. ఆయన వెంటనే సరే అనలేదు. అత్తయ్యే అంది, "నీ పెళ్ళాం కాలు బాగుంటేనే నీ కడుపు నిండేది. ఇడ్లీ పెట్టడం బ్రహ్మవిద్యా?" అని. ఇప్పుడు పొద్దుటి ఇడ్లీ, అత్తయ్య మాత్రలు ఆయనవి. కూరగాయలు ముందు రాత్రే ఇద్దరం తరిగి పెట్టుకుంటాం. రాత్రి భోజనం తొమ్మిదిన్నర నుంచి ఎనిమిదికి వచ్చింది. ఆడవాళ్ళకు పొద్దున్నే లేచి నడవమని సలహా ఇచ్చేవాళ్ళు ఆ టైములో ఇంటిపని ఎవరు చేస్తారో కూడా చెబితే బాగుంటుంది.

జూన్ చివర్లో మళ్ళీ పరీక్ష చేయించాను. 5.9. డాక్టరు సంతోషించి, ఏం చేశారని అడిగారు. అన్నీ చెప్పాను. మూడు టీలు ఒకటయ్యాయి, అందులో చక్కెర లేదు. పదిన్నర వడ లేదు, ఎందుకంటే ఆ టైముకి ఆకలి ఉండదు. నిద్ర ఏడు గంటలు. నడక. కూళు. "ఇందులో దేని వల్ల తగ్గిందో విడదీసి చెప్పలేం, ఏదీ మానకండి" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. సజ్జ కూళుకి, అక్క మాటకి, ఏడున్నరకే కూళు అయిపోయే ఆ టైముకి. బండి తొమ్మిది దాకా ఉంటే నేను ఎనిమిదిన్నరకు వెళ్ళేదాన్ని, నాకు తెలుసు.

పార్శిల్ కావాలంటే సొంత క్యాన్ తీసుకెళ్ళాలి, కవర్లో పోయదు. నేను బుధ, శుక్రవారాలు అత్తయ్య కోసం ఒక చెంబు రాగి కూళు తెస్తాను. ఆమె ఉల్లిపాయ తినదు. ఆ రోజుల్లో నేను పార్కులో నాలుగో చుట్టు మొదలుపెట్టేటప్పటికే అక్క ఉల్లి వేయకముందు ఒక గరిటె తీసి నా క్యాన్లో పోసి, మూత పెట్టి, బండి కింద నీడలో ఉంచుతుంది. అత్తయ్య దాన్ని గ్లాసులో పోసుకుని, ఊరమిరపకాయ కొరుక్కుంటూ, బాల్కనీలో ఎండ వచ్చే వైపు కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. పళ్ళు లేవు కదా అని నేను మిరపకాయ విరిచి ఇస్తే ఒప్పుకోదు.